పంపు మార్చినా బండి కదలదేం?

నరసరావుపేట: కొత్త పెట్రోలు పంపు వేసిన కారు నాలుగు రోజులుగా వేపచెట్టు కిందే నిలిచిపోయింది. పల్నాటి ప్రాంతంలోని ఒక పల్లెలో, రామాలయం ఎదుట, ఈ మధ్య కనిపించిన దృశ్యమిది. అది ఊరందరికీ అక్కరకు వచ్చే కిరాయి కారు. నరసరావుపేట ఆసుపత్రికి పోవాలన్నా, పిడుగురాళ్ళలో రైలు అందుకోవాలన్నా, గుంటూరు మిర్చి యార్డులో బస్తాల లెక్క చూసుకు రావాలన్నా ఆ ఊరి వారు ఆ కారునే మాట్లాడుకుంటారు.

ఒకనాటి సాయంత్రం ఆ కారు తోవలో ఆగిపోయింది. ట్రాక్టరుకు కట్టి ఊరికి చేర్చారు. చూసిన వారు పెట్రోలు పంపు పోయిందన్నారు. యజమాని పట్నం వెళ్ళి కొత్త పంపు కొని తెచ్చి బిగించాడు. తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదు. తెచ్చిన పంపు నాసిరకం కాబోలునని మరొకటి కొన్నాడు. దానితోనూ అదే తంతు. మొదటి దాన్ని తిరిగి ఇద్దామంటే కొట్లో గోడకు బోర్డు కనిపించింది: "ఎలక్ట్రికల్ సామాను వెనక్కు తీసుకోబడదు." ఇంతలో పెళ్ళి ముహూర్తాలు వచ్చాయి. నాలుగు కిరాయిలు చేజారాయి.

ఆ కారుకు పట్టిన జబ్బు ఏమిటో చివర చెప్పుకుందాం. పల్లెల్లో సొంత కార్లు, కిరాయి కార్లు పెరిగిన ఈ రోజుల్లో ఇటువంటి ఖర్చు ఎవరి నెత్తినైనా పడవచ్చు. కనుక పంపు మార్చిన తర్వాత బండి కదలకపోతే ఏ వరుసలో చూసుకోవాలో తెలుసుకోవడం మంచిది. సామాను మార్చడం వేరు, జబ్బు కనిపెట్టడం వేరు.

పంపు ఒక్కటే చాలదు

పెట్రోలు ఇంజను నడవాలంటే నాలుగు కావాలి. తగినంత పెట్రోలు రావాలి. దానికి గాలి తోడవాలి. ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. ఈ మూడూ సరైన సమయానికి కలవాలి. పెట్రోలు పంపు వీటిలో మొదటి దానికి మాత్రమే సంబంధించింది. అందులోనూ అది ఒక భాగమే. టాంకు, వడపోత గిన్నె, గొట్టాలు, కరెంటు తీగలు, కార్బురేటరు లేక ఇంజెక్టర్లు అన్నీ బాగుంటేనే పెట్రోలు ఇంజనులోకి చేరుతుంది. "బండి కదలడం లేదు, కాబట్టి పంపు పోయింది" అనుకోవడం "జ్వరం వచ్చింది, కాబట్టి మలేరియా" అన్నట్టే.

రెండో మాట. పంపు మార్చక ముందు ఒక లోపం ఉంటే, మార్చిన తర్వాత రెండు కావచ్చు. పంపు విప్పేటప్పుడు ఏయే గొట్టాలు ఊడదీశారో, ఏ క్లిప్పు లాగారో, ఏ తీగ తప్పించారో అవన్నీ మళ్ళీ సరిగా చేరాయా అన్నది మొదట చూడవలసిన విషయం. చెయ్యి పడిన చోటే చూపు కూడా ముందుగా పడాలి.

ముందు నిప్పు సంగతి

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది పైకి పోదు. నేల మీద పాకి, గుంటల్లో, కారు కింద నిలిచి ఉంటుంది. గడ్డకట్టే చలిలో కూడా పెట్రోలు ఆవిరికి నిప్పంటుకుంటుంది. కనుక ఈ పని ఇంట్లోనో, మూసిన షెడ్డులోనో కాక ఆరుబయట చేయాలి. బీడీ, చుట్ట, అగ్గిపుల్ల, వంట పొయ్యి దరిదాపుల్లో ఉండరాదు. గొట్టాలు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి పక్కన పెట్టాలి. దగ్గర ఒక బొచ్చెడు పొడి ఇసుక ఉంచుకోవాలి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే మంట నీళ్ళతో పాటు వ్యాపిస్తుంది.

గొట్టం నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని. ఆ పెట్రోలు ఏ కొంచెమైనా ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్మువంటి జబ్బు చేస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. వాంతిలో వచ్చే పెట్రోలే మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. వెంటనే 108కి ఫోను చేయాలి.

మీ బండిది ఏ పంపు?

పంపులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఇంజను పక్కన బిగించి ఉండే లివరు పంపు. ఇంజనులోని కామ్ షాఫ్టు తిరిగినప్పుడల్లా ఆ పంపు లివరును నొక్కుతుంది. లోపలి రబ్బరు పొర కిందికీ పైకీ ఆడి టాంకులోంచి పెట్రోలు లాగి కార్బురేటరుకు పంపుతుంది. దీనికి కరెంటుతో పనిలేదు. అంబాసిడర్ కార్లలోనూ, తొలినాళ్ళ మారుతి 800లలోనూ ఉన్నది ఈ రకమే.

రెండోది టాంకులోనే మునిగి ఉండే కరెంటు పంపు. ఇంజెక్షన్ కార్లన్నిటికీ ఇదే. మారుతి 800 కూడా 2000 ప్రాంతం నుంచి ఈ పద్ధతికి మారింది. ఈ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా, జాగ్రత్తగా చూసుకునే వారి దగ్గర ఇప్పటికీ అవి తిరుగుతున్నాయి.

ఈ రెండు పంపుల బలంలో చాలా తేడా ఉంది. లివరు పంపు చదరపు అంగుళానికి 3, 4 పౌన్ల ఒత్తిడి ఇస్తే చాలు. ఇంజెక్షన్ కారు పంపు సాధారణంగా 36 నుంచి 45 పౌన్ల దాకా ఇవ్వాలి. అంటే పది రెట్ల వ్యత్యాసం. చౌకగా వచ్చిందని ఒక బండి పంపు మరో బండికి వేస్తే పెట్రోలు వచ్చినట్టే కనిపిస్తుంది, బండి మాత్రం కదలదు. కొనేటప్పుడు పాత పంపు చేతిలో పట్టుకెళ్ళి, దాని మీది నంబరుతో సరిపోల్చుకోవాలి.

లివరు పంపు మార్చిన తర్వాత

పొలంలో మోటారు పెట్టిన ప్రతి రైతుకూ ఈ సంగతి తెలిసిందే. పంపులో గాలి ఉంటే నీరు ఎత్తదు. ముందు నీళ్ళు పోసి నింపాలి. ఫుట్‌వాల్వు కారినా, నీళ్ళు లాగే పైపు జాయింటులో సన్నని సందు ఉన్నా ఎంతసేపు తిప్పినా ప్రయోజనం లేదు. కారు పంపుదీ అదే న్యాయం. టాంకు నుంచి పంపు దాకా ఉన్న గొట్టం లాగుడు వైపుది. అక్కడ సందు ఉంటే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చూస్తే తడి కనిపించదు. అందుకే ఆ లోపం ఎవరికీ తట్టదు. పాత రబ్బరు గొట్టం పగుళ్ళు, వదులు క్లిప్పులు ముందు చూడాలి. గొట్టం చివర అర అంగుళం కోసి కొత్త అంచుతో బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

తర్వాత గొట్టాల వరుస చూడాలి. లోపలికి వచ్చేది, బయటికి పోయేది తారుమారు కాకూడదు. కొన్ని పంపులకు మూడో గొట్టం కూడా ఉంటుంది. మిగిలిన పెట్రోలును అది తిరిగి టాంకుకు చేరుస్తుంది. పంపు మీద బాణం గుర్తులుంటే వాటిని అనుసరించాలి.

చాలా పంపులకు చేతితో కొట్టే చిన్న పిడి ఉంటుంది. దానితో కొట్టి పెట్రోలు నింపుకోవచ్చు. పిడి వదులుగా ఆడుతూ ఏమీ లాగకపోతే పంపు పాడైందని కంగారు పడనక్కరలేదు. కామ్ షాఫ్టు గుబ్బ అప్పటికే లివరును నొక్కి ఉంచినప్పుడు పిడి పనిచేయదు. ఇంజనును ఒక చుట్టు తిప్పి మళ్ళీ కొట్టి చూడాలి.

బిగించేటప్పుడు లివరు సరిగా గుబ్బ మీద కూర్చోవాలి. తప్పు వైపు ఇరుక్కుంటే పంపు బిగువుగా కూర్చోదు. బలవంతాన బోల్టులు లాగితే లివరు విరుగుతుంది. పంపుకూ ఇంజనుకూ మధ్య వేసే ప్యాకింగు కూడా పాతదెంత మందముందో అంతే ఉండాలి. మందం ఎక్కువైతే లివరు ఆట తగ్గి పెట్రోలు చాలదు. మరీ పలచనైతే లివరు మీద భారం పెరుగుతుంది.

ఇవన్నీ అయ్యాక పరీక్ష సులువే. కార్బురేటరు దగ్గర గొట్టం విప్పి మూతి వెడల్పు సీసాలో పెట్టాలి. నిప్పురవ్వ రాకుండా కాయిలుకు వచ్చే తీగ తీసేయాలి. ఒకరు సెల్ఫ్ కొడితే పెట్రోలు ధార ఆగి ఆగి చిమ్ముతూ సీసాలో పడాలి. పడుతోందంటే పంపు మంచిదే. అప్పుడు కార్బురేటరు గిన్నెలోని సూది బిగుసుకుందేమో చూడాలి. గాలి వడపోత మూత తీసి, యాక్సిలేటరు నొక్కినప్పుడు కార్బురేటరు గొంతులో సన్నని ధార చిమ్ముతుందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఎండాకాలం చేసే మోసం

ఎండలకు పేరు మోసిన రెంటచింతల ఉన్న ప్రాంతం మనది. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే ఆవిరి కావడం మొదలవుతుంది. లివరు పంపు ఇంజనుకు అంటుకుని ఉంటుంది కనుక మండుటెండలో బండి ఆపి పది నిమిషాలు ఉంచితే పంపులోనూ గొట్టంలోనూ ఉన్న పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని పంపు నెట్టలేదు. బండి అందుకోదు. సాయంత్రం చల్లబడితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

పంపు మీద, గొట్టం మీద తడిగుడ్డ చుట్టి పాత అంబాసిడర్ డ్రైవర్లు బండి నడుపుకునేది ఇందుకే. ఈ సంగతి తెలియక పంపు మార్చిన వారికి కొత్త పంపు కూడా మధ్యాహ్నం వేళ అదే మోసం చేస్తుంది. కనుక బండి చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాకే మొరాయిస్తుంటే పంపు కొనే ముందు ఒక తడిగుడ్డ వేసి చూడాలి. గొట్టం సైలెన్సరు పైపుకు తగులుతూ ఉంటే దూరంగా కట్టాలి.

టాంకులో ఉండే కరెంటు పంపు

ఇంజెక్షన్ కార్లలో చెవి మొదటి పనిముట్టు. చుట్టూ సద్దు లేకుండా చేసి, సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ దాకా తిప్పాలి. వెనుక సీటు దగ్గర ఒకరు చెవి పెట్టి వినాలి. చాలా కార్లలో పంపు రెండు సెకన్ల పాటు తుమ్మెద ఝంకారంలా మోగి ఆగుతుంది. అది ఆగిపోవడం లోపం కాదు. ఇంజను తిరగడం మొదలైతేనే కారులోని కంప్యూటరు పంపును మళ్ళీ నడుపుతుంది.

శబ్దం వస్తోందా? అయితే గొట్టాల్లో గాలి ఉండి ఉండవచ్చు. తాళం ఆన్ చేసి, మూడు సెకన్లు ఆగి, ఆఫ్ చేయాలి. ఇలా ఐదారుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టాలి. పొలం మోటారుకు నీళ్ళు పోసినట్టు ఇది పెట్రోలుతో గొట్టం నింపడమన్న మాట. అయినా అందుకోకపోతే పోయే గొట్టం, తిరిగి వచ్చే గొట్టం తారుమారయ్యాయేమో చూడాలి. పంపు తీగలు రెండూ అటుదిటు అయితే మోటారు వెనక్కు తిరుగుతుంది. శబ్దం వస్తుంది గానీ ఒత్తిడి రాదు. టాంకులో పంపుకు తగిలించే చిన్న గొట్టం జారినా, రబ్బరు రింగు నలిగినా పెట్రోలు టాంకులోనే తిరుగుతుంది తప్ప బయటికి రాదు.

శబ్దమే రావడం లేదా? అప్పుడు పంపును అనుమానించే ముందు దానికి కరెంటు వస్తోందా అని చూడాలి. మొదట ఫ్యూజు. తర్వాత రిలే. అదే పెట్టెలో హారనుకో మరొక దానికో అచ్చంగా అదే నంబరు రిలే ఉంటే అటుదిటు మార్చి చూడవచ్చు. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. ఆ తర్వాత పంపు క్లిప్పు. అది టక్కుమని పడే దాకా నొక్కాలి. లోపలి పిన్నుల్లో ఏదైనా వంగిపోయి వెనక్కు జారిందేమో చూడాలి.

కొన్ని కార్లలో బండి గట్టిగా గుద్దుకుంటే పెట్రోలు ఆగిపోయేలా ఒక మీట ఉంటుంది. డిక్కీలో సామాను తీసే పెట్టే హడావిడిలో దానికి దెబ్బ తగిలినా పంపు ఆగుతుంది. మీట నొక్కితే మళ్ళీ మామూలే. దొంగల నుంచి కాపాడే తాళంచెవి ఏర్పాటు ఉన్న కార్లలో, అసలు తాళంచెవిని కారు గుర్తించకపోతే ఇంజనును నడవనివ్వదు. తాళం ఆన్ చేసినప్పుడు అద్దం ముందున్న మీటర్ల దగ్గర తాళంచెవి గుర్తు దీపం ఆగకుండా మిణుకుతూ ఉంటే పంపును వదిలి ఆ సంగతి చూడాలి.

పంపును బయటికి తీసి నేరుగా బ్యాటరీకి తగిలించి తిప్పి చూడడం కొందరి అలవాటు. ఇది తగదు. పెట్రోలులో మునిగి చల్లబడే యంత్రమది. ఎండుగా తిప్పితే కొత్త పంపు కూడా చెడిపోతుంది. తీగ తగిలించే చోట వచ్చే నిప్పురవ్వ, పక్కనే తెరిచి ఉన్న టాంకు, రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

పెట్రోలు వస్తున్నా అంటుకోకపోతే

పెట్రోలు వస్తోందని తేలాక ప్లగ్గుల వైపు తిరగాలి. ఒక ప్లగ్గు విప్పి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఎండి ఉంటే పెట్రోలు చేరలేదు. పెట్రోలుతో తడిసి ఉంటే నిప్పురవ్వ లేదు, లేదా అతిగా సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజను పెట్రోలుతో నిండిపోయింది. ప్లగ్గులు తుడిచి ఆరబెట్టి, యాక్సిలేటరు పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొడితే నిండిన పెట్రోలు పోతుంది. చాలా ఇంజెక్షన్ కార్లలో ఇలా తొక్కినప్పుడు కంప్యూటరే పెట్రోలు ఆపుతుంది.

పాత కార్లలో పాయింట్లు మాడినా, కండెన్సరు పోయినా, కాయిలు తీగ ఊడినా నిప్పురవ్వ రాదు. కొత్త కార్లలో ఇంజను తిరుగుతోందని కంప్యూటరుకు కబురు చెప్పే సెన్సారు ఒకటుంది. అది పోతే పంపు రెండు సెకన్లు మోగి మళ్ళీ మోగదు, నిప్పురవ్వా రాదు. రెండూ ఒకేసారి లేకపోతే ఆ సెన్సారునే ముందు అనుమానించాలి. సెల్ఫ్ కొడుతుంటే ఇంజను ఎన్నడూ లేనంత తేలికగా, వేగంగా తిరుగుతుంటే టైమింగు బెల్టు తెగి ఉండవచ్చు. అప్పుడు ఇంకా తిప్పకుండా మెకానిక్కుకు చూపించాలి.

ఇక బ్యాటరీ. నాలుగు రోజులు సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోతే అసలు జబ్బు కుదిరినా బండి అందుకోదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ తొమ్మిదిన్నర వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే ముందు చార్జింగు పెట్టాలి. ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు. మధ్యలో అర నిమిషమైనా ఆగాలి. లేకపోతే స్టార్టరు కాలిపోతుంది.

టాంకులో ఉన్నదేమిటి?

టాంకు విప్పినప్పుడు పెట్రోలంతా తీసేసి, తర్వాత సీసాడు పోసి నడపబోయే వారున్నారు. ఆ కొంచెం పంపుకు అందదు. కనీసం ఐదు లీటర్లు పోసి చూడాలి. పంపుతో పాటు ఉండే తేలుబుడ్డి కడ్డీ వంగితే మీటరు తప్పు చూపుతుంది. సగం టాంకు ఉందని ముల్లు చెబుతుంటే లోపల చుక్క కూడా ఉండకపోవచ్చు.

పెట్రోలు గుణం కూడా మారింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. టాంకులోకి నీరు చేరితే అది ఇథనాల్‌తో కలిసి అడుగున విడిగా నిలుస్తుంది. పంపు మొదట లాగేది ఆ అడుగు నీటినే. నెలల తరబడి కదలని బండికి ఈ బెడద ఎక్కువ. కొంత పెట్రోలు గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచితే నీరుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు, పంపు లోపలి పొరలు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి ఉబ్బడం, పగలడం జరుగుతుంది. అందుచేత పాత కారుకు పంపు మార్చేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు కూడా అడిగి వేయించుకోవాలి.

వేపచెట్టు కింద ఏం తేలింది?

ఐదో రోజు ఆ కారును చూసింది కార్ల మెకానిక్కు కాదు. ఊళ్ళో పొలం మోటార్లకు తీగ చుట్టే పెద్దాయన. "పంపు సంగతి నాకు తెలియదు గానీ అబ్బాయ్, అది మోటారే కదా. మోటారుకు పోయే తీగ ఒకటి, వచ్చే తీగ ఒకటి ఉండాలి. రెండోది చూశావా?" అని ఆయన అడిగాడు. పోయే తీగను అందరూ చూశారు. వచ్చే తీగను ఎవరూ చూడలేదు.

ఆయన 12 వోల్టుల ఇండికేటరు బల్బు ఒకటి తెప్పించి రెండు తీగలు కట్టాడు. టాంకు మూసి, పెట్రోలు వాసన లేకుండా చూసుకుని, పంపు క్లిప్పు లాగి, పంపుకు వెళ్ళే రెండు లావు తీగల మధ్య బల్బు పెట్టించాడు. తాళం తిప్పారు. బల్బు మిణుకు మిణుకుమని ఆరిపోయింది. తర్వాత బల్బు తీగల్లో ఒకటి పోయే తీగకే ఉంచి, రెండోది కారు బాడీలో గీకి శుభ్రం చేసిన ఇనుముకు ఆనించాడు. ఈసారి తాళం తిప్పగానే బల్బు రెండు సెకన్లు దేదీప్యమానంగా వెలిగింది.

సంగతి తేలిపోయింది. పంపు నుంచి తిరిగి వచ్చే తీగ, అంటే ఎర్తు తీగ, కారు బాడీకి బిగించిన చోట తుప్పు పట్టి ఉంది. బోల్టు కింద పచ్చగా పొడి పేరుకుంది. దాన్ని గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించారు. తాళం తిప్పితే తుమ్మెద మోగింది. రెండోసారి సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది.

ముల్లు మీటరుతో చూసిన వారికి ఇది ఎందుకు దొరకలేదని అడగవచ్చు. మీటరు కరెంటును దాదాపు వాడుకోదు. తుప్పు సందులోంచి వచ్చే కొంచెం కరెంటుకే అది పూర్తి 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు నిజంగా కరెంటు తాగుతుంది కనుక దారి సరిగా లేకపోతే వెలగలేదు. అయితే ఈ బల్బు పరీక్ష పంపు తీగలకే పరిమితం. సెన్సార్ల తీగలకూ, కంప్యూటరు తీగలకూ, గాలి సంచుల పసుపు తీగలకూ బల్బు తగిలించరాదు. వాటికి ఈ భారం తగిలితే ఖరీదైన నష్టం జరుగుతుంది.

ఇంతకూ యజమాని దాచిపెట్టిన పాత పంపును తిరిగి వేసి చూశారు. అదీ చక్కగా పనిచేసింది! తోవలో కారు ఆగిన రోజున పోయింది పంపు కాదు, ఎర్తు. కొన్న రెండు పంపులూ అక్కరలేనివే. ఒకటి ఇప్పుడు కారులో ఉంది, మరొకటి అటక మీద ఉంది. ఇందులో పంపుల కొట్టు తప్పేమీ లేదు. అడిగింది ఇచ్చారు. అడగవలసినది మరొకటని ఎవరికీ తోచలేదు.

మెకానిక్కును అడగవలసినవి

ఈ పరీక్షలన్నీ సొంతంగా చేయలేని వారు కనీసం ఈ నాలుగు మాటలు మెకానిక్కును అడగవచ్చు. పంపుకు కరెంటు వస్తోందా, తిరిగి పోతోందా? పంపు నుంచి పెట్రోలు ఎంత ఒత్తిడితో వస్తోంది? ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ చూశారా? ఫ్యూజు, రిలే చూశారా? వీటికి జవాబు చెప్పగలిగినవాడు జబ్బు వెతుకుతున్నాడు. "ముందు పంపు మార్చి చూద్దాం" అనేవాడు మీ డబ్బుతో ఊహ చేస్తున్నాడు.

తీసేసిన పాత సామాను అక్కడ వదలకుండా ఇంటికి తెచ్చుకోవాలి. బండి ఎలా ఆగిందో కూడా మరచిపోకుండా చెప్పాలి. ఉన్నట్టుండి దీపం ఆరినట్టు ఆగితే కరెంటు లోపం కావచ్చు. దగ్గుతూ, జంకుతూ, బలం తగ్గుతూ ఆగితే పెట్రోలు లోపం కావచ్చు. వేడిలోనే ఆగితే ఆవిరి సంగతి చూడాలి. డాక్టరుకు రోగి చెప్పే మాట ఎంత ముఖ్యమో, మెకానిక్కుకు డ్రైవరు చెప్పే మాట అంత ముఖ్యం.

వేపచెట్టు కింది కారు మర్నాడే మాచర్ల పెళ్ళికి కిరాయి వెళ్ళింది. దాని డిక్కీలో ఇప్పుడు స్టెపినీతో పాటు రెండు తీగలు కట్టిన బల్బు ఒకటి, ఉప్పుకాగితం ముక్క ఒకటి ఉంటున్నాయి.